డ్యాక్ మారనప్పుడు స్ట్రీమర్ మారిస్తే పాట మారుతుందా?

"పాట అదే, డ్యాక్ అదే. అయినా లక్ష పెట్టి కొన్న స్ట్రీమర్ ముందు చవక డబ్బా తేలిపోతుంది." ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. స్ట్రీమర్ అంటే నెట్ నుంచి పాటను తెచ్చి అందించే డబ్బా, డ్యాక్ అంటే ఆ డిజిటల్ పాటను ఆంప్‌కి వెళ్లే అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది. దానికి చెప్పే కారణాలు ఒక్కొక్కటే చూద్దాం.

"చవక డబ్బా దారిలో డేటా పారేసుకుంటుంది." పారేసుకోదు. వైఫైలో ప్యాకెట్ (డేటా ముక్క) తప్పిపోతే టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి దాన్ని మళ్లీ తెప్పించుకుంటుంది. ఈలోగా బఫర్‌లో, అంటే ముందే దాచుకున్న నిల్వలో ఉన్నది మోగుతుంటుంది. బఫర్ ఖాళీ అయితే పాట ఆగుతుంది, అంతే. బాస్ పల్చబడటం, గొంతు మసకబారడం నెట్‌వర్క్ వల్ల జరిగే పనులు కావు. 2015లో వచ్చిన చిన్న బిళ్ల, క్రోమ్‌కాస్ట్ ఆడియో కూడా ఆప్టికల్ కేబుల్‌లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా ఇచ్చేది.

"జిట్టర్." అంటే డిజిటల్ సిగ్నల్ సమయంలో వచ్చే సన్నని తడబాటు. అసింక్రనస్ యూఎస్‌బీలో (డ్యాకే వేగం నిర్ణయించే పద్ధతిలో) ఆ సమయాన్ని నడిపే గడియారం డ్యాక్‌ది, స్ట్రీమర్‌ది కాదు. ఆప్టికల్‌లో స్ట్రీమర్ గడియారమే వెళ్తుంది, నిజమే. దాన్ని వడకట్టుకోవడం మంచి డ్యాక్‌కి రోజువారీ పని.

"కరెంటు రొద." ఇందులో కొంత నిజముంది. యూఎస్‌బీ వైరుతో రెండు పరికరాల గ్రౌండ్ కలిసి హమ్ రావచ్చు, సన్నగా కీచుమనవచ్చు. పాట ఆపి ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్) దగ్గర చెవి పెట్టండి, దొరికిపోతుంది. ఆప్టికల్ కేబుల్‌కి మారితే ఆ దారి తెగిపోతుంది, ఎందుకంటే అందులో వెళ్లేది వెలుతురే.

"మరి మా చెవులకు తేడా తెలుస్తోందిగా!" తెలియొచ్చు, కానీ దోషి సాధారణంగా సెట్టింగే. స్పాటిఫైలో నార్మలైజేషన్ (పాటలన్నిటి శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చే సెట్టింగ్) మామూలుగా ఆన్‌లోనే ఉండి పాటల్ని మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) మట్టానికి తెస్తుంది. పక్క డబ్బాలో అది ఆఫ్ అయితే పాట పెద్దగా మోగుతుంది, పెద్దగా మోగినదే బాగున్నట్టనిపిస్తుంది.

బిట్లు చెక్కుచెదరకుండా వస్తున్నాయో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. డీటీఎస్ (సరౌండ్ సౌండ్ కోడ్) ఎన్‌కోడ్ చేసిన 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్‌ని స్ట్రీమర్ నుంచి ఆప్టికల్ ద్వారా ఏవీ రిసీవర్‌కి (హోమ్ థియేటర్ ఆంప్‌కి) పంపండి. ముందు రిసీవర్ వాల్యూమ్ బాగా తగ్గించి ఉంచండి. డిస్‌ప్లేలో డీటీఎస్ అని వెలిగిందంటే ఒక్క బిట్టూ మారలేదు. ఇప్పుడు స్ట్రీమర్ వాల్యూమ్ 100 నుంచి 99కి దించండి: ఆ అక్షరాలు ఆరిపోతాయి, స్పీకర్లు బుస్సుమంటాయి, లేదా మూగబోతాయి.

ఆ తర్వాత రెండు స్ట్రీమర్లలో ఒకే 100 హెర్ట్జ్ టోన్ ఫైల్ పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడండి. ఒకటి 1.00, ఇంకోటి 1.05 చూపితే 0.4 డెసిబెల్ తేడా ఉన్నట్టే. ఎక్కడో వాల్యూమో ఈక్వలైజరో అడ్డుపడుతోంది. మట్టం కలిశాక, ఏది మోగుతోందో చెప్పకుండా ఇంకొకరిచేత 16 సార్లు మార్పించి గుర్తుపట్టండి. గాలివాటుగా 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిగ్గా చెప్పే అవకాశం 4 శాతం లోపే.

స్ట్రీమర్ ఆర్‌సీఏ (అనలాగ్) సాకెట్ల నుంచి నేరుగా ఆంప్‌కి కలిపితే మాత్రం లెక్క వేరు. అప్పుడు మోగేది దాని లోపలి డ్యాకే, తేడా ఉండొచ్చు. అక్కడా ముందు మట్టం కలపాల్సిందే: 2 వోల్టులిచ్చేదానికీ 1 వోల్టు ఇచ్చేదానికీ మధ్య 6 డెసిబెల్ తేడా ఉంటుంది.