పాటలోంచి వచ్చిన బొమ్మ
ఒక చిత్రకారిణి గురించి వచ్చిన వ్యాసంలో ‘అమ్మమ్మ కథలే నా బొమ్మలు’ అని ఆమె అన్న మాట చదవగానే నాకు గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ గుర్తొచ్చారు. ఆయనది మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్, పర్ధాన్ గోండు కుటుంబం. పర్ధానులంటే బానా అనే తీగవాద్యం వాయిస్తూ గోండుల వంశ కథలు, దేవుళ్ళ కథలు పాడేవాళ్ళు, అంటే తరతరాలుగా ఆ ఇంటికి వచ్చిన ఆస్తి పాటే. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ చొరవతో ఆయన భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రానికి వచ్చాక ఆ పాటల్లోని దేవుళ్ళు, జంతువులు చుక్కలతో, గీతలతో కాగితం మీదికి దిగారు. వారసత్వం అంటే పాత డిజైన్ దించెయ్యడమే అనుకునేవాళ్ళతో అందుకే నాకు పేచీ. ఆ దేవుళ్ళలో చాలామందికి అంతకుముందు బొమ్మంటూ ఉంటేగా దించడానికి! వ్యాసంలో రంగుల గురించి అంత రాశారు సరే, ఆ అమ్మమ్మ కథ ఒక్కటైనా పూర్తిగా వేసుంటే బావుండేది.