ఆటోమేటిక్ బండి కొండెక్కదట, న్యూట్రల్‌లో దిగాలట!

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. ఈసారి మా పెద్దబావ పంపాడు. అంతకుముందు ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, దానికి ముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో. పైన మూడు ఎర్ర దీపాలు, కింద రెండు దండాలు, మధ్యలో "ఆటోమేటిక్ ఫోర్ బై ఫోర్ కొనేవాళ్లు తప్పక చదవండి" అని హెడ్డింగు. రాసింది ఎవరయ్యా అంటే "ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న సీనియర్ మెకానిక్". ఏ ఊరు, ఏ షెడ్డు అని మాత్రం అడక్కూడదు.

ఇంకా అందనివాళ్లు ఎవరైనా ఉంటే, అందులో ఉన్నది ఇదీ: ఆటోమేటిక్ బండి బురదలో, రాళ్ల మీద ఎక్కదు. ఆర్మీ వాళ్లూ, గుడిస కొండ జీపు డ్రైవర్లూ మాన్యువలే వాడతారు. నీళ్లలో దిగితే ఆటోమేటిక్ అక్కడే ఆగిపోతుంది. ఆటోమేటిక్‌కి ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని నెమ్మదింపజేయడం) ఉండదు కాబట్టి, గేర్‌బాక్సు మీద భారం పడకుండా ఘాట్‌లో న్యూట్రల్ వేసి బ్రేకు మీద దిగాలి. బ్యాటరీ పోతే తోసి స్టార్ట్ చేయలేం. ఆఖరున, గేర్లు వేయడం చేతకాని వాళ్లే ఆటోమేటిక్ కొంటారు.

ఆఖరిదానికి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. మోకాలి నొప్పితో మా అత్తయ్య ఆటోమేటిక్ నడుపుతోంది, ఆవిడ ముందు ఈ మాట అని చూడండి.

గుడిస సంగతి. మారేడుమిల్లి నుంచి ఆ కొండ మీదికి టూరిస్టులను తీసుకెళ్లే డ్రైవర్ల పనితనం గురించి నాకు రెండో మాట లేదు. కానీ వాళ్లు నడిపేది బొలెరోలు, పాత కమాండర్లు. బొలెరోకి ఆటోమేటిక్ గేర్‌బాక్సు కంపెనీ ఎప్పుడు ఇచ్చిందని వాళ్లు వద్దన్నారు? ఉన్నది నడుపుతున్నారు. మన ఆర్మీ జిప్సీదీ అదే కథ. సైన్యమే కొలబద్ద అయితే, అమెరికా సైన్యం 1980ల నుంచి వాడుతున్న హమ్వీ మొదటి నుంచీ ఆటోమేటిక్కే. దానికి మొదట వేసింది జనరల్ మోటార్స్ వాళ్ల టర్బో హైడ్రామాటిక్ 400 అనే మూడు గేర్ల బాక్సు. కాలిఫోర్నియా ఎడారి రాళ్లలో 2007 నుంచి జరుగుతున్న కింగ్ ఆఫ్ ది హ్యామర్స్ పోటీలో చాలా బళ్లలో ఇప్పటికీ ఉండేది ఆ జాతి బాక్సే. అక్కడికి వచ్చేవాళ్లకు గేర్లు వేయడం రాదని సీనియర్ మెకానిక్ గారు వెళ్లి చెప్పి రావచ్చు.

ఇక ఎక్కదు అనే మాట. ఇక్కడ తప్పు ఎక్కడ జరిగిందో నాకు కొంత అర్థమైంది. మన దగ్గర "ఆటోమేటిక్" అనే ఒక్క మాట కింద నాలుగు రకాల యంత్రాలు తిరుగుతున్నాయి. 2014లో సెలేరియోతో మొదలై చిన్నకార్లలో నిండిపోయిన ఏఎంటీలో ఉండేది మామూలు క్లచ్ ప్లేటే. మన కాలి బదులు ఒక యాక్చుయేటర్ (యంత్రపు చెయ్యి లాంటిది) దాన్ని నొక్కుతుంది, అంతే. నిట్టనిలువు ఎక్కుడులో నిండు బండితో ఆగి ఆగి కదిలితే ఆ ప్లేటు వేడెక్కి వాసన కొట్టడం నిజమే. రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ బాక్సుల్లో డ్రై (ఆయిల్‌లో మునగని) రకానిదీ దాదాపు అదే బాధ. గేర్ల బదులు బెల్టుతో నడిచే సీవీటీ కూడా రాళ్ల పనికి పుట్టింది కాదు. మెసేజ్ రాసిన పెద్దమనిషి ఏఎంటీ హ్యాచ్‌బ్యాక్‌ని చూసి థార్ మీద తీర్పు చెప్పి ఉంటాడని నా అనుమానం.

థార్, జిమ్నీ, స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్, హైలక్స్ లాంటి ఫోర్ బై ఫోర్ బళ్ల ఆటోమేటిక్‌లలో ఉండేది టార్క్ కన్వర్టర్. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఆయిల్ నిండిన డొల్ల అది. ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ని తోస్తాయి, ఆ ఆయిల్ వెళ్లి గేర్‌బాక్సు వైపు రెక్కలను తిప్పుతుంది. రెండింటి మధ్య ఉండే స్టేటర్ తిరిగొచ్చే ఆయిల్ దిశ మార్చి మళ్లీ పనిలో పెడుతుంది. దానివల్ల చక్రం కదలకుండా మొరాయిస్తున్నప్పుడు ఇంజిన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం) దాదాపు రెట్టింపై గేర్‌బాక్సుకు అందుతుంది. అంటే సరిగ్గా మనకు కావాల్సిన చోటే. పైగా కంపెనీలు కూడా ఆటోమేటిక్‌కే ఎక్కువ టార్క్ ఇచ్చిన సందర్భాలున్నాయి. 2.8 డీజిల్ ఫార్చ్యూనర్ మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌లో 500. పెట్రోల్ థార్‌లో 300, 320.

పాడేరు వైపు మట్టిదార్లలో వాన వెలిశాక ఇది కళ్లతో చూడొచ్చు. ముందు ఎడమ టైరు కింద జానెడు ఎత్తు రాయి, దాని పక్కన జారుడు ఎర్రమట్టి. ఆటోమేటిక్ వాడు ఫోర్-లోలో (నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే నెమ్మది గేర్లలో) పెట్టి, ఎడమ కాలు బ్రేకు మీద ఉంచి, కుడికాలితో కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తాడు. బండి బిగుసుకుంటుంది. బ్రేకు మెల్లగా వదులుతుంటే టైరు రాయిని పట్టుకుని అంగుళం అంగుళం పైకెక్కి, అవతల దిగుతుంది. వెనక మాన్యువల్ వాడు అదే రాయి దగ్గర హాఫ్ క్లచ్‌లో నిలబెడతాడు. ఎడమకాలి పిక్క వణుకుతుంటుంది. రెండు అంగుళాలు ఎక్కి, మూడు అంగుళాలు వెనక్కి జారి, ఇంజిన్ ఆగి, మళ్లీ తాళం తిప్పి, రెండోసారికి కాస్త గట్టిగా తొక్కి, రాయి మీద నుంచి ధన్‌మని దూకుతాడు. చేయి తిరిగినవాడైతే వాడూ నున్నగానే ఎక్కిస్తాడు, కాదనను. కానీ ఎక్కనిది ఆటోమేటిక్కా?

నీళ్ల గురించి రెండే ముక్కలు. వాగులో బండిని చంపేది ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి నీళ్లు వెళ్లడం. నీళ్లకు గేర్ రాడ్డు కనపడదు. దాటాక రెండు రకాల బాక్సుల్లోనూ ఆయిల్ చూసుకోవాలి, పాలలా తెల్లబడితే మార్చాలి.

ఇప్పుడు అసలైనదానికి వస్తాను. మెసేజ్‌లో ఇంతసేపూ చూసినవి ఉత్త తప్పులు. న్యూట్రల్ మాట ఉత్త తప్పుతో పోయేది కాదు, మనుషుల్ని లోయలో పడేసే సలహా. మా బావ పంపిన మెసేజ్ కింద ఒకాయన "మంచి సమాచారం, వచ్చే వారం అరకు వెళ్తున్నాం, పాటిస్తాం" అని పెట్టాడు. పిల్లలతో వెళ్తున్నాడు!

లెక్క వేద్దాం. మనుషులు, సామాను కలిపి రెండు టన్నుల బండి. ఘాట్‌లో 800 మీటర్ల ఎత్తు నుంచి కిందికి రావాలి. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి నాలుగు యూనిట్ల కరెంటుకు పైమాటే. కిలోవాట్ ఇస్త్రీపెట్టెను నాలుగు గంటలు ఆపకుండా పెడితే వచ్చేంత వేడి. గేర్‌లో దిగితే ఇందులో మంచి వాటా ఇంజిన్ తీసుకుంటుంది. న్యూట్రల్ వేశారా, గాలికీ టైర్లకూ పోయింది పోగా మిగతాదంతా అరగంట, ముప్పావుగంటలో ముందు రెండు డిస్కులు, వెనక రెండు డ్రమ్ముల నెత్తిన పడుతుంది. మొదట వాసన వస్తుంది. తర్వాత ఎంత తొక్కినా బండి నెమ్మదించడం తగ్గుతుంది. ఆ తర్వాత బ్రేకు ఆయిల్ మరుగుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ 205 డిగ్రీల దాకా ఆగుతుంది కానీ, గాలిలో తేమ పీల్చుకుని పాతబడ్డాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. మీ బండిలో ఆ ఆయిల్ ఎప్పుడు మార్పించారో గుర్తుందా? మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. పెడల్ తొక్కితే బుడగలు నలుగుతాయి, బ్రేకు పడదు. పెడల్ నేలకు అంటుకుంటుంది.

ఇంకా ఘనుడు ఒకడుంటాడు, న్యూట్రల్ ఎలాగూ వేశాం కదా అని ఇంజిన్ కూడా ఆపేసి పెట్రోల్ మిగిలిస్తాడు. ఇంజిన్ ఆగితే బ్రేకు బూస్టర్‌లో మిగిలేది రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా వ్యాక్యూమే. తర్వాత పెడల్ రాయి. స్టీరింగ్ బరువెక్కుతుంది. చాలా ఆటోమేటిక్‌లలో ఇంజిన్ తిరిగితేనే గేర్‌బాక్సు లోపల ఆయిల్ పంపు తిరుగుతుంది. అంటే ఏ గేర్‌బాక్సుని కాపాడాలనుకున్నాడో దాన్నే ఆయిల్ లేకుండా అరగదీస్తున్నాడు.

పోనీ న్యూట్రల్‌లో పెట్రోల్ అయినా మిగులుతుందా? అదీ లేదు. అది కార్బురేటర్ రోజుల మాట, అంబాసిడర్లూ పద్మినీలూ నడిపిన పెద్దవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. ఇప్పటి ఇంజెక్షన్ బండి గేర్‌లో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా దిగుతుంటే ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం కాల్చక తప్పదు.

ఇంతకీ ఆటోమేటిక్‌లో ఏం చేయాలి? ఘాట్ మొదట్లోనే, స్పీడు ఎక్కకముందే, గేరు తగ్గించుకోవాలి. జిమ్నీలో D కింద 2, L అని ఊరికే రాయలేదు. థార్‌లో లివర్ పక్కకు జరిపి మైనస్ వైపు అంటే గేరు తగ్గుతుంది, ఫార్చ్యూనర్‌లో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉన్నాయి. ఏఎంటీలో కూడా మాన్యువల్ మోడ్ ఉంటుంది. రెండో గేరులో పెట్టుకుని, మలుపు ముందు బ్రేకు తొక్కి వదిలేస్తూ దిగండి. ఇంజిన్ అరుస్తుంది. ఇంజిన్ వేగం మీటరులో ఎర్రగీత దాటనంత వరకు అరవనివ్వండి, అది దాని పని.

మెసేజ్‌లో నిజం ఏమీ లేదా అంటే, ఉంది. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఇంజిన్ బ్రేకింగ్ "ఉండదు" అన్నది అబద్ధం కానీ "తక్కువ" అంటే ఒప్పుకుంటాను. పాకే వేగంలో కన్వర్టర్ లాక్ అవ్వదు (రెండు వైపులూ ఒకటిగా బిగుసుకోవు), ఆయిల్ జారుతుంది, కాబట్టి నిటారు రాతి దిగుడులో ఫోర్-లో ఫస్ట్ గేరు వేసిన మాన్యువల్ పట్టుకున్నంత గట్టిగా అది పట్టుకోదు. హిల్ డిసెంట్ కంట్రోల్ (దిగుడులో వేగాన్ని తానే అదుపు చేసే ఏర్పాటు) ఆ లోటు పూడుస్తుంది, అయితే అది పనిచేసేదీ బ్రేకుల మీదే. జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లో మాన్యువల్‌కి లో రేంజ్ ఫస్ట్ గేరు మొత్తం నిష్పత్తి 84కి 1 (ఇంజిన్ 84 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు), ఆటోమేటిక్‌కి 77కి 1. దిగుడు వరకు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

బ్యాటరీ పాయింటు కూడా నూటికి నూరు నిజం. అడవిలో బ్యాటరీ పడుకుంటే మాన్యువల్‌ని వాలులో వదిలి సెకండ్ గేరు వేసి లేపొచ్చు, కంప్యూటర్‌కి సరిపడా కరెంటు మిగిలి ఉంటే. ఆటోమేటిక్‌కి ఆ దారి లేదు. జంపర్ కేబుళ్లు పెట్టుకోండి.

ఇంకో సంగతి, బావకి తెలుసు, మిగతావాళ్లకు తెలియదు. నా బండి మాన్యువలే. రేపు కొత్తది కొన్నా మాన్యువలే కొంటాను. కారణం మెసేజ్‌లో రాసిన ఏ ఒక్కటీ కాదు, డబ్బు. అదే బండి ఆటోమేటిక్‌కి లక్ష దాటి ఎక్కువ అడుగుతారు. ఆ డబ్బుతో మంచి ఆల్ టెరైన్ టైర్లు నాలుగు, టైర్లలో గాలి తీసి మళ్లీ పట్టుకోవడానికి కంప్రెసర్, లాగడానికి రికవరీ స్ట్రాప్, రెండు షాకిల్స్ వచ్చి ఇంకా మిగులుతుంది. సూర్యలంక ఇసుకలో కూరుకుపోయినప్పుడు ముందు అడిగేది టైరులో గాలి ఎంత ఉందనే.