ఈ సీటుకు వచ్చే ఏడాది లేదు

డిగ్రీ, వైద్యవిద్య కలిసిన బీఎస్-ఎండీ సీటు రాని పిల్లలకు ‘వచ్చే ఏడాది మళ్లీ రాయవచ్చు’ అని ధైర్యం చెప్పమని ఒక వ్యాసంలో చదివాను. మేముండే అమెరికాలో ఈ కోర్సులు చాలావరకు హైస్కూలు చివరి ఏడాది పిల్లలకే. నీట్‌లా మళ్లీ రాసేది కాదు. దయచేసి అలా చెప్పకండి.

సీటు రాలేదని మా అమ్మాయికి మార్చి నెలాఖరున తెలిసింది. ఫోను బోర్లా పెట్టి పప్పన్నం కలుపుతూనే ఉంది, ముద్ద నోట పెట్టలేదు. ‘సీటు వచ్చిందా తల్లీ’ అని హైదరాబాదు నుంచి అమ్మమ్మ ఫోను చేస్తే నేనే మాట్లాడాను.

బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని ఇలాంటి ఎనిమిదేళ్ల కోర్సులో ఏటా చేరేది పదుల సంఖ్యలోనే, దరఖాస్తులు వేలల్లో. ఇక్కడి వైద్య కళాశాలల్లో చేరేవారిలో అత్యధికులు నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఎంక్యాట్ అనే వైద్య ప్రవేశపరీక్ష రాసి వచ్చినవారే. ఈ మాట కూడా మొదటి రోజే చెప్పకండి, వినే స్థితిలో ఉండరు. మాకు వారం పట్టింది.

చాలా కాలేజీలకు మే 1 లోపు జవాబివ్వాలి. ఆ నెలరోజులూ ఎవరి పిల్లలకు ఎక్కడ వచ్చిందన్న ఊసే మా ఇంట్లో ఎత్తలేదు. ఫీజు రాయితీ ఎక్కువిచ్చిన డిగ్రీ కాలేజీని తనే ఎంచుకుంది.