తూర్పు తైమూర్‌కు ఆసియాన్‌లో చేరే స్తోమత లేదా?

2025 అక్టోబర్ 26న కౌలాలంపూర్‌లో తూర్పు తైమూర్ ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో పదకొండో సభ్యదేశమైంది. అప్పటి నుంచి ఒక వాదన చేతులు మారుతూనే ఉంది. దాని సారం ఇది: "ఆ దేశానికి ఆర్థికంగా అంత స్తోమత లేదు. జాలిపడి చేర్చుకున్నారు. కటిక పేద దేశం. తలుపులు తీస్తే పొరుగు సరుకు ముంచేస్తుంది. మిగతా పది దేశాలకూ భారం. జనం సింగపూర్‌కు వలస కడతారు. పైగా ఉన్న చమురు కాస్తా అయిపోయింది." చివరి మాటలో నిజం ఉంది, దాని సంగతి చివర్లోనే చూద్దాం. మిగతావి నిలబడవు.

"జాలిపడి" అన్నదాన్ని ముందు పక్కన పెడదాం. తైమూర్ దరఖాస్తు పెట్టింది 2011 మార్చిలో. సూత్రప్రాయంగా ఒప్పుకోవడానికి 2022 నవంబర్ దాకా పట్టింది, ఏమేం సరిచేసుకోవాలో జాబితా 2023లో చేతికిచ్చారు, చేర్చుకున్నది 2025లో. పద్నాలుగేళ్లు గుమ్మంలో నిలబెట్టడాన్ని జాలి అనరు. ఈ మధ్యలోనే 2024 ఆగస్టు 30న ఆ దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యత్వం కూడా సంపాదించుకుంది. ఇండోనేషియా నుంచి విడిపోతామని 78 శాతం మందికి పైగా ఓటేసి అప్పటికి సరిగ్గా పాతికేళ్లు. ఆ తేదీ యాదృచ్ఛికమని నేననుకోను.

ఇక పేదరికం. ఉంది, తీవ్రంగానే ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. కానీ కూటమిలో చేరడానికి అదే కొలబద్ద అయితే వియత్నాం 1995లో, లావోస్, మయన్మార్ 1997లో, కంబోడియా 1999లో చేరి ఉండకూడదు. చేరిన ఏడాది వియత్నాం తలసరి ఆదాయం 300 డాలర్ల లోపే. తైమూర్‌ది ఇవాళ వెయ్యి డాలర్లు దాటింది, ఇటీవలి లెక్కల్లో మయన్మార్ కంటే తక్కువేం కాదు. ముప్ఫై ఏళ్ల నాటి డాలరు వేరు, ఇవాళ్టి డాలరు వేరు అనండి, ఒప్పుకుంటాను. అయినా అప్పటి వియత్నాంను ఎవరూ సంపన్న దేశం అనలేదుగా. "ఇంత చిన్న దేశమా" అనేవారికి ఇంకో లెక్క: తైమూర్ జనాభా 13 లక్షల పైచిలుకు, ఎప్పటి నుంచో సభ్యదేశంగా ఉన్న బ్రూనై జనాభా అందులో సగం కూడా లేదు.

"పొరుగు సరుకు ముంచేస్తుంది" అన్నది వినడానికి చాలా సబబుగా ఉంటుంది. మన దగ్గర స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల మీద జరిగిన చర్చలు గుర్తున్నవాళ్లు వెంటనే తలూపుతారు కూడా. కానీ ఆ భయానికి ఒక షరతుంది: ఇప్పటిదాకా సుంకాల గోడ ఉండి ఉండాలి. తైమూర్‌లో ఆ గోడ లేదు. 2008 పన్ను సంస్కరణలో దాదాపు అన్ని దిగుమతుల మీదా ఒకే రేటు పెట్టారు, 2.5 శాతం. అంత తక్కువ సుంకంతో బతికిన దేశాలు ప్రపంచంలోనే కొన్ని. రాజధాని దిలీ దుకాణాల్లో ఇండోనేషియా సరుకు ఎప్పటి నుంచో నిండి ఉంది, బియ్యం కూడా బయటి నుంచే వస్తుంది. ముంచే నీరు ఏనాడో వచ్చేసింది. పైగా ఆసియాన్‌లో కొత్తగా చేరినవాళ్లకు గడువు ఎక్కువ ఇవ్వడం ఆనవాయితీ. పాత ఆరు దేశాలు 2010కి సుంకాలు ఎత్తేస్తే, వియత్నాం, లావోస్, మయన్మార్, కంబోడియాలకు 2015 వరకు, కొన్ని వస్తువులకు 2018 వరకు వెసులుబాటు దొరికింది.

ఆ దేశ ఉత్పత్తిదారుణ్ణి దెబ్బతీసేది సుంకం కంటే కరెన్సీ. తైమూర్‌కు సొంత నోటు లేదు, అమెరికా డాలరే వాడుతుంది, చిల్లర నాణేలు మాత్రం సొంతవి ఉన్నాయి. ఇండోనేషియా కరెన్సీ రుపయ్యా పడిపోయినప్పుడల్లా ఆ దేశపు సరుకు ఇంకా చవకవుతుంది, తైమూర్ రైతు కూరగాయలు ఇంకా ఖరీదవుతాయి. ఇది ఆసియాన్‌లో చేరినా ఉండే బాధే, చేరకపోయినా ఉండే బాధే.

మిగతావాళ్లకు భారమా? ఆసియాన్ సచివాలయం ఖర్చుకు సభ్యదేశాలన్నీ సమానంగా చెల్లించాలని ఆ కూటమి చార్టరే చెబుతోంది. సింగపూర్ ఎంత కడితే తైమూర్ అంత కట్టాలి. భారం ఎవరి మీదో అర్థమవుతూనే ఉంది. అంతకంటే పెద్ద ఇబ్బంది మనుషులతో. ఏడాదికి వెయ్యికి పైగా సమావేశాలు, అన్నీ ఇంగ్లీషులో. తైమూర్ అధికార భాషలు తెతుం, పోర్చుగీసు. సుంకాల పట్టికలు, నాణ్యతా ప్రమాణాలు చదివి బేరమాడగల అధికారులు ఎందరుంటారు? సంసిద్ధత లేదని గట్టిగా అనాలంటే అనాల్సింది ఇక్కడ. విమర్శకులు మాత్రం ఈ ఊసే ఎత్తరు.

వలసల మాట ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఆసియాన్ ఐరోపా సమాఖ్య లాంటిది కాదు, ఇంజినీర్లు, నర్సులు, అకౌంటెంట్ల లాంటి కొన్ని వృత్తులకు పరస్పర గుర్తింపు ఒప్పందాలున్నాయి తప్ప కూలీలకు సరిహద్దులు తెరవలేదు.

ఇప్పుడు చమురు. బాయు-ఉందాన్ క్షేత్రంలో ఉత్పత్తి 2025లో ఆగిపోయింది. 2005లో పెట్టుకున్న పెట్రోలియం నిధిలో సుమారు 1,800 కోట్ల డాలర్లున్నాయి, మనిషికి 13 వేల డాలర్ల పైమాటే. కానీ బడ్జెట్‌లో సింహభాగం దాని నుంచే తీస్తున్నారు. పెట్రోలియం సంపదలో ఏటా 3 శాతం దాకా తీస్తే అది తరగదని వాళ్లే లెక్క కట్టుకున్నారు, ఆ గీత ఏళ్ల తరబడి దాటుతూనే ఉన్నారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. ఆస్ట్రేలియాతో 2018లో సముద్ర సరిహద్దు ఒప్పందం కుదిరినా గ్రేటర్ సన్‌రైజ్ క్షేత్రంలోని గ్యాసు ఇంకా సముద్రం అడుగునే ఉంది. పైపులైను తమ దక్షిణ తీరానికి రావాలా, ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు పోవాలా అన్న పేచీయే ఏళ్లు తినేసింది.

కాబట్టి ఆందోళన సరైనదే. దాని నుంచి "ఇంకా బయటే ఉండాలి" అన్న ముగింపు ఎలా వస్తుందో మాత్రం నాకు అర్థం కాదు. నిధి తరుగుతుంటే గుమ్మం బయట ఇంకో పదేళ్లు గడిపితే ఒరిగేదేముంది?

అలాగని చేరగానే ఎగుమతులు ఎగబాకుతాయని సంబరపడేవాళ్లతోనూ నేను లేను. చమురును మినహాయిస్తే ఆ దేశం చెప్పుకోదగ్గ మొత్తంలో అమ్మేది కాఫీ ఒక్కటే, అది ఎక్కువగా అమెరికా, ఐరోపా కొంటాయి. ఆసియాన్‌లో వియత్నాం, ఇండోనేషియాలే కాఫీలో దిగ్గజాలు. తుప్పు తెగులును తట్టుకునే తైమూర్ సంకర రకం మన కావేరి, చంద్రగిరి కాఫీ వంగడాలకు మూలమైంది గానీ, ఆ మొక్క పుట్టిన కొండల్లో తోటలు చాలావరకు ముదిరిపోయాయి, దిగుబడి అంతంత మాత్రమే. వాటిని కత్తిరించి కొత్తవి నాటించడం ఏ కూటమీ చేసిపెట్టదు, దిలీ ప్రభుత్వమే బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి.