మైసీలియం గారూ, మీ మడి మా ఇంట్లోనేనా?

మహారాజశ్రీ మైసీలియం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ మీ ఒంటి మీద పచ్చ మచ్చలు, నా చేతుల నిండా స్పిరిట్ వాసన. ఇక కుశలం ఎవరికని రాయను?

పుట్టగొడుగుకి వేళ్లలాంటి తెల్లటి దారాలే అయినా మీరు పెద్దవారు. 2014లో న్యూయార్క్‌లో మోమా పీఎస్1 అనే కళా మ్యూజియం ఆవరణలో మీతో పెంచిన దాదాపు 10,000 ఇటుకలు పేర్చి ఏకంగా గోపురమే కట్టారు. మొక్కజొన్న చొప్ప తిని ఇటుకలైపోయిన మీకు ఒక్క లాంప్‌షేడ్ అవ్వడానికి అంత మొహమాటం ఏమిటండీ? నేనేమన్నా పైకప్పు అడిగానా, బల్బుకి టోపీ అడిగాను.

"పొట్టులో కలపండి, అచ్చులో కూరండి, చీకట్లో పెట్టండి, మిగతాది ప్రకృతే చూసుకుంటుంది" అని మీ స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) ప్యాకెట్‌తో వచ్చిన కాగితం చెప్పింది. ప్రకృతి ఏమీ చూసుకోలేదండీ, అన్నీ నేనే చూసుకున్నాను. రంపపు పొట్టుని కుక్కర్‌లో పెట్టి ఆవిరి పట్టించి, చల్లారేదాకా కాపలా కాసి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, మాస్కు, గ్లౌజులు తొడుక్కుని, అచ్చుని స్పిరిట్‌తో తుడిచి, తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుని, మీ మీద పడుతుందేమోనని ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలాను. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గర నిలబడి "లోపల ఆపరేషన్ అయిపోయిందా?" అని అడుగుతున్నారు.

తర్వాత తెల్లటి నూగు అల్లుకుంటుంటే మీరేననుకుని మురిసిపోయి ఫోటోలు తీసి అందరికీ పంపాను. తీరా చూస్తే అందులో సగం ట్రైకోడెర్మా అనే పచ్చ బూజు గారట. ఆయన కూడా తెల్లగానే దిగుతాడు, స్థిరపడ్డాకే పచ్చటి పొడి బయటపెట్టి తన పేరు చెబుతాడు. (ఇదే ట్రైకోడెర్మాని రైతులు వేరుకుళ్లు రాకుండా డబ్బిచ్చి కొని పొలంలో వేసుకుంటారు. నాకు ఉచితంగా వచ్చింది, అదీ నా అదృష్టం.) మీ బలానికని కలిపిన గోధుమపిండి మీకంటే ముందు ఆయనే తిన్నాడు. మీకు గాలి ఆడాలని కవర్‌కి పొడిచిన చిల్లుల్లోంచే లోపలికొచ్చి ఉంటాడు. చిల్లులు లేకపోతే మీకు ఊపిరాడదు, ఉంటే ఆయన వస్తాడు, మరి నన్నేం చెయ్యమంటారు?

ప్లాస్టిక్ లాంప్‌షేడ్ కొనకూడదనే కదా ఈ తంటా అంతా. చివరికి చెత్తబుట్టలో చూస్తే గ్లౌజులు, క్లింగ్ ఫిల్మ్, పాలీప్రొపిలీన్ సంచులు. అచ్చు కూడా ప్లాస్టిక్‌దే. సరే, ఆ సంగతి వదిలేద్దాం. మీరు కార్చిన పసుపు నీళ్లకి గుడ్డ మీద పడ్డ మరక సంగతీ వదిలేద్దాం.

వదల్లేనిది ఒక్కటుంది. విసుగొచ్చి ఆ ముద్దని పెరట్లో మట్టికుప్ప మీదికి విసిరేశాను. దాన్ని ఎవరూ తుడవలేదు, కప్పలేదు. చీమలు తిరిగాయి, వానపాములు తిరిగాయి, నాలుగు వానలు పడ్డాయి. నిన్న చూస్తే గుత్తులు గుత్తులుగా ముత్యపు చిప్ప పుట్టగొడుగులు! కింద తెల్లటి దారాలు మట్టిగడ్డల్ని, కుళ్లిన ఆకుల్ని, ఒక ఎండుపుల్లని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, పుల్ల పట్టుకు లాగితే ముద్ద మొత్తం లేచొచ్చింది.

అంటే అతుక్కోవడం నీకు బాగానే వచ్చన్నమాట! ఇంట్లో చిటికెడు దుమ్ము పడితే ప్రాణం మీదికి తెచ్చుకున్నావు, ఇక్కడ పెంటలో పడి బలిశావు. ఎవడు పూశాడురా ఇక్కడ నీకు స్పిరిట్? 121 డిగ్రీల ఆవిరి ఎవడు పట్టాడు? ఆ పచ్చ మచ్చ కూడా నీ పక్కనే ఉంది, చెక్కుచెదరకుండా. ఇద్దరూ కలిసి హాయిగా కాపురం చేసుకుంటుంటే, మధ్యలో మడి కట్టుకుని చచ్చింది నేను!

ఇక కుక్కర్ తియ్యను, మాస్కు పెట్టను. అచ్చు తెచ్చి ఆ మట్టికుప్ప మీదే బోర్లిస్తాను. లాంప్‌షేడ్ అవుతావో కూరవుతావో నువ్వే తేల్చుకో.