వెబ్‌సైట్లో పెట్టని జీవో ఎవరి కోసం?

ప్రజల కంటపడని ఉత్తర్వును ప్రజల మీద అమలు చేయవచ్చా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1951లోనే జవాబిచ్చింది. జైపూర్ సంస్థానంలో మంత్రిమండలి 1923లో ఒక తీర్మానంతో నల్లమందు చట్టం తెచ్చింది. దాన్ని ప్రచురించలేదు, జనానికి తెలియజేసే మరో ఏర్పాటూ చేయలేదు. ఏళ్లు గడిచాక హర్లా అనే వ్యక్తికి ఆ చట్టం కింద 50 రూపాయల జరిమానా పడింది. తెలుసుకునే అవకాశమే లేని చట్టంతో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని జస్టిస్ వివియన్ బోస్ తీర్పు రాశారు. శిక్ష రద్దయింది.

ఆ తీర్పు చట్టం గురించి. జీవోలన్నీ చట్టాలు కావు, నిజమే. కానీ మన రాష్ట్రాల్లో సామాన్యుడి బతుకును రోజూ తాకేది శాసనసభ చేసే చట్టం కంటే సచివాలయం ఇచ్చే జీవోనే. పింఛను అర్హత, ఫీజు రీయింబర్స్‌మెంట్, టీచర్ల బదిలీలు, అసైన్డ్ భూములు, గుత్తేదారుకు పెంచిన అంచనాలు అన్నీ అందులోనే తేలతాయి.

ఉమ్మడి రాష్ట్రంలో ఈ విషయంలో మంచి అలవాటే మొదలైంది. జీవో ఇష్యూ రిజిస్టర్ పేరుతో వెబ్‌సైట్ పెట్టి శాఖల వారీగా ఉత్తర్వులు అందులో ఎక్కించేవారు. విలేకరులు, ఉద్యోగ సంఘాల వారు, న్యాయవాదులు పొద్దున లేవగానే చూసే పేజీ అది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో ఆ అలవాటు తెగింది. నంబరు, తేదీ కనిపిస్తూ లోపల విషయం లేని ఖాళీ జీవోల మీద వివాదం రేగింది. అదే నెలలో జీవోలను ఆ సైట్లో పెట్టడం ఆపేశారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. మధ్య కాలపు ఉత్తర్వులను కూడా ఎక్కించాలని శాఖలకు చెప్పారు. తెలంగాణలోనూ కోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. దళితబంధు మీద దాఖలైన పిటిషన్ విచారణలో, జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్లో ఉంచాలని 2021లోనే హైకోర్టు ఆదేశించింది.

ఒక పార్టీ ఆపింది, ఇంకో పార్టీ తెరిచింది అని దీన్ని రాజకీయ లెక్కలో వేసి వదిలేయడానికి నేను ఒప్పుకోను. అసలు ఆపడం అంత తేలికగా ఎలా సాధ్యమైందన్నదే నా ప్రశ్న. అధికారుల స్థాయిలో తీసుకున్న ఒక నిర్ణయంతో మూసేయగలిగితే, అది ప్రజల హక్కుగా ఇంకా స్థిరపడలేదన్నమాట.

ఏదైనా జీవో తెరిచి చూడండి. విషయ సంగ్రహం కింద 'చదవండి' అని నాలుగైదు పాత ఉత్తర్వుల నంబర్లు ఉంటాయి. ఫలానా జీవోలోని మూడో పేరాకు పాక్షిక సవరణగా అంటూ అసలు సంగతి మొదలవుతుంది. ఆ పాత జీవో మరో రెండింటిని చూడమంటుంది. ఏ జీవో అయినా ముందున్న జీవోల మీద ఆధారపడే బతుకుతుంది. కాబట్టి మూడేళ్ల ఉత్తర్వులు కనబడకపోతే నష్టం ఆ మూడేళ్లతో ఆగదు. తర్వాత వచ్చే సవరణలు కూడా అర్థం కావు. దేన్ని సవరించారో తెలియకుండా సవరణను చదివి ఏం చేయాలి? రిటైరైన ఉపాధ్యాయుడు బకాయి అడగడానికి ట్రెజరీకి వెళితే, గుమాస్తా మొదట అడిగేది జీవో కాపీ. అది ప్రభుత్వ సైట్లో దొరక్కపోతే ఆయనకు మిగిలేది సంఘం వాట్సాప్ గ్రూపులో తిరిగే ఫోటో. నకిలీ జీవోలు తిరిగేదీ ఆ గ్రూపుల్లోనే. అసలైనది అందుబాటులో లేనప్పుడు నకిలీని పట్టుకోవడం ఎలా?

పెట్టిన వాటి పరిస్థితీ గొప్పగా లేదు. కంప్యూటర్‌లో టైపు చేసిన ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తారు. అది బొమ్మగా మారిపోతుంది, అందులో ఏ పదమూ వెతకలేం. శాఖ, నంబరు, తేదీ ముందే తెలిసినవాడికే జీవో దొరుకుతుంది. గ్రామం పేరుతోనో పథకం పేరుతోనో వెతికే రైతుకు దొరకదు. పైగా చాలా భాగం ఇంగ్లిషులోనే ఉంటాయి. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది 1966లో.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటారు. ఆ చట్టం ఉద్దేశం అది కాదు. 2005 నాటి ఆ చట్టంలో నాలుగో సెక్షన్ 17 రకాల సమాచారాన్ని అడగకుండానే ప్రకటించాలంది. జనం దరఖాస్తు పెట్టే అవసరం వీలైనంత తగ్గేలా, ఇంటర్నెట్ సహా అన్ని మార్గాల్లో సమాచారాన్ని తామే ఇస్తూ ఉండాలని స్పష్టంగా రాసింది. అంటే దరఖాస్తు చివరి దారి. పది రూపాయల ఫీజు కట్టి, 30 రోజులు ఆగి, జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లి ఒక జీవో సంపాదించే ఓపిక కూలికి వెళ్లే మనిషికి ఎక్కడిది?

రహస్యాల సంగతేమిటన్న అభ్యంతరం ఉంది. భద్రతకు సంబంధించినవి, వ్యక్తుల ఆరోగ్య వివరాలు బయటపెట్టమని ఎవరూ కోరడం లేదు. దానికీ చట్టంలోనే దారి ఉంది. పదో సెక్షన్ ప్రకారం మినహాయింపు ఉన్న భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలి. ఒక వాక్యం దాచాల్సి ఉందని పేజీ మొత్తం ఖాళీగా ఉంచడానికి అందులో చోటు లేదు.

అందుకే ఇది ప్రభుత్వాల ఇష్టానికి వదిలే విషయం కాదు, రెండు శాసనసభలూ చట్టం చేయాలి. ప్రజలకు వర్తించే ఏ ఉత్తర్వయినా వెతకడానికి వీలైన రూపంలో వెబ్‌సైట్లో పెట్టిన రోజు నుంచే అమలులోకి రావాలి. ఒకసారి పెట్టినదాన్ని తొలగించకూడదు. రద్దయితే రద్దయిందని దాని పక్కనే రాయాలి. దరఖాస్తుకు, అప్పీలుకు ఇచ్చే గడువును జీవో మీది తేదీ నుంచి కాక, అది జనానికి కనబడిన తేదీ నుంచి లెక్కించాలి. ఈ చివరి నిబంధన ఒక్కటి ఉన్నా, జీవోను ఆలస్యంగా ఎక్కించిన శాఖ తప్పుకు దరఖాస్తుదారుడు నష్టపోయే పరిస్థితి తప్పుతుంది.