నిండా మునిగినవాడి ఆకలి

మొన్నటి మాఘమాసంలో ఎల్బీనగర్ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి భోజనం చేస్తున్నప్పుడు, మూడు వారాలుగా అన్నం ముట్టకుండా రోడ్డు పక్క బండి మీది జొన్నరొట్టెలతో రాత్రులు గడుపుతున్న మిత్రుడొకరు, బంధువుల బలవంతం మీద ఒక్క గరిటె బిర్యానీ వేయించుకున్నారు. అక్కడితో ఆగితే నష్టమేమీ ఉండేది కాదు. ‘ఎలాగూ తప్పింది కదా’ అంటూ రెండో గరిటె, ఆ తర్వాత ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా రెండూ, పైన ఐస్‌క్రీమ్ కూడా కానిచ్చి, ‘సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడతాలే’ అన్నారు.

దీన్ని బలహీనత అని కొట్టిపారేయడం తేలిక. కానీ నిండా మునిగినవాడికి చలేమిటన్న మన సామెతలోని మనస్తత్వాన్నే 1975లో మనస్తత్వ పరిశోధకులు పీటర్ హెర్మన్, డెబొరా మాక్ ప్రయోగపూర్వకంగా చూపించారు. ముందుగా మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమంటే, తిండి మీద ప్రత్యేక ఆంక్షలు లేనివారు సహజంగానే తక్కువ తిన్నారు. నిత్యం నోరు కట్టుకునేవారు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. మరుసటి ఏడాది జానెట్ పొలివీ పరిశీలనలో తేలింది మరీ ఆసక్తికరం: తిన్న పదార్థంలో నిజంగా ఎన్ని కేలరీలున్నాయన్నది కాదు, ఎక్కువున్నాయన్న నమ్మకమే కట్టు తెంచింది. అంటే అతికి మూలం చాలాసార్లు ఆకలిలో కాక, ఒక్క మెతుకుతోనే భంగమయ్యేంత కఠినమైన నియమంలో ఉంటుంది. (మద్యానికి బానిసైనవారి సంగతి వేరు, వారిలో చాలామందికి పూర్తిగా మానడమే క్షేమం.)

నియమానికి తోడు వడ్డన తీరు కూడా మన చేత తినిపిస్తుంది. ఒకే రకం సాండ్‌విచ్ కన్నా నాలుగు రకాలు పెడితే జనం సుమారు మూడో వంతు ఎక్కువ తింటారని బార్బరా రోల్స్ బృందం 1981లో గమనించింది. ఒక రుచి మీద మొహం మొత్తినా కొత్త రుచికి నాలుక సిద్ధంగానే ఉంటుంది. పంక్తి భోజనంలోనూ రకాలకు కొదవ లేదు, కొసరి కొసరి వడ్డించే మేనత్తలకూ కొదవ లేదు. అయినా పప్పు, కూర, పులుసు దాటి మజ్జిగ వచ్చిందంటే భోజనం ముగింపుకొచ్చినట్టే. వద్దనుకుంటే విస్తరికి చేయి అడ్డం పెట్టి ‘చాలు’ అనవచ్చు. బఫేలో గరిటె మన చేతిలోనే ఉంటుంది కనుక అడ్డం పెట్టడానికి రెండో చేయి రాదు. మెట్రోలో నాగోలు నుంచి అమీర్‌పేట దాకా వేలితో పైకి తోస్తూ పోయే రీల్స్‌కూ మజ్జిగ ఘట్టం లేదు.

మిత్రుడు ఈమధ్య పద్ధతి మార్చి, వారంలో రెండు పూటలు బిర్యానీకని ముందే కేటాయించుకున్నారు. బరువు పెద్దగా తగ్గలేదు గానీ, ఆయన నోట సోమవారం మాట వినిపించి రెండు నెలలైంది.